మూడు రోజుల విశాఖ: మావయ్య, మేనకోడలి సంవాదం

సెలవులు దొరికితే తెలుగువాళ్ళు ముందుగా తలుచుకునే సముద్రపు ఊరు విశాఖపట్నం. తలుచుకోగానే నోటికి వచ్చే పేర్లు కూడా అందరికీ ఒకటే: సింహాచలం, కైలాసగిరి, ఆర్కే బీచ్, రుషికొండ, భీమిలి, అరకు, బొర్రా. ఆ చోట్లన్నీ చూడదగ్గవే, అందులో పేచీ లేదు. పేచీ అంతా వాటిని రోజుల్లోకి సర్దే దగ్గర వస్తుంది. డిసెంబరులో హైదరాబాదు నుంచి ఇంటిల్లిపాదీ ఆరుగురు వద్దామనుకుంటున్న ఒక మేనకోడలినీ, విశాఖలో స్థిరపడ్డ ఆమె మావయ్యనూ ఇక్కడ కల్పించి ఎదురెదురుగా కూర్చోబెట్టాను. నా మొగ్గు మావయ్య వైపే. అయినా మేనకోడలి అభ్యంతరాలు కొట్టిపారేసేవి కావు. చాలా కుటుంబాల ప్రయాణాలు ఆమె చెప్పే ఇబ్బందుల మధ్యే నడుస్తాయి కాబట్టి వాటిని కుదించలేదు.

మేనకోడలు: ప్లాన్ రాసేశాను మావయ్యా, వినండి. శుక్రవారం సాయంత్రం గోదావరి ఎక్కితే శనివారం తెల్లవారేసరికి అక్కడుంటాం. స్నానాలు, టిఫిన్లు కాగానే సింహాచలం. అక్కణ్ణించి రుషికొండ, తొట్లకొండ, భీమిలి చూసుకుని, సాయంత్రం ఆరింటికి కైలాసగిరి మీదికి వస్తే సముద్రం మొత్తం కనిపిస్తుంది. ఆదివారం పొద్దున అద్దాల పెట్టెలో అరకు, బొర్రా గుహలు, రాత్రికి వెనక్కి. సోమవారం యారాడ, ఆర్కే బీచ్, కురుసుర జలాంతర్గామి, పక్కనే ఉన్న విమానం మ్యూజియం, సాయంత్రం ఐదు దాటాక రైలు. ఎక్కువైందని మీరంటారని తెలుసు. కానీ మా ఇద్దరి సెలవులు, పిల్లల పరీక్షలు, అత్తగారి మోకాళ్ళ నొప్పి, ఇవన్నీ కలిసొచ్చేది ఎప్పుడో ఒకసారి. ఇంత డబ్బు పెట్టి అంత దూరం వచ్చి, సగం చూసి సగం వదిలేసి వెళ్ళమంటే ఎలా?

మావయ్య: ఎక్కువైందని తర్వాత అంటాను తల్లీ, ముందు కుదరనివి చెబుతాను. కురుసురకు సోమవారం సెలవు. ఇందిరాగాంధీ జూకీ అంతే. జలాంతర్గామిని స్టేషనుకు దగ్గరని చివరి రోజున పెట్టావు, పిల్లలు అంత ఎదురుచూసి మూసిన గేటు ముందు నిలబడతారు. కైలాసగిరి సంగతి చూడు. మీ ఊరికంటే మా ఊరు తూర్పున ఉంది, ఇంచుమించు ఇరవై నిమిషాలు ముందే తెల్లవారి, ముందే పొద్దుగూకుతుంది. డిసెంబరు మొదట్లో ఐదున్నరలోపే సూర్యుడు దిగిపోతాడు. ఆరింటికి కొండెక్కితే ఊళ్ళో దీపాలు కనిపిస్తాయి, సముద్రం మాత్రం నల్లగా ఉంటుంది. యారాడ ఇంకో రకం. ఆర్కే బీచ్‌లో నిలబడి చూస్తే డాల్ఫిన్స్ నోస్ కొండ చేతికి అందేంత దగ్గర్లో ఉన్నట్టుంటుంది. మధ్యలో హార్బరు ముఖద్వారం ఉంది. కారు దాన్ని దాటలేదు. రేవు చుట్టూ తిరిగి, మల్కాపురం వైపు నుంచి కొండెక్కి దిగాలి. మ్యాపులో రెండు చుక్కలూ పక్కపక్కనే కనబడ్డాయని నువ్వు ఒకే పూటలో రాసేశావు. చోట్ల పేర్లతో ప్లాన్ వేస్తే ఇలాగే ఉంటుంది. సముద్రపు ఊళ్ళో ముందు చూడాల్సింది ఏ వేళకి ఏది, ఏ రోజు ఏ దిక్కు అన్నది. ఎన్ని చోట్లన్న లెక్క ఆ తర్వాతిది.

మేనకోడలు: సోమవారం సంగతి దిద్దుకుంటాను, సూర్యాస్తమయం సంగతి కూడా. అవి నా లెక్కలో దొర్లిన పొరపాట్లు, అంతమాత్రాన లెక్క వేసే పద్ధతే తప్పనకండి. అరకే తీసుకోండి. టూర్ల వాళ్ళంతా ఒక రోజులో తిప్పి తెస్తున్నారు. పొద్దున రైలు, మధ్యాహ్నం భోజనం, గిరిజన మ్యూజియం, కాఫీ తోటలు, బొర్రా, రాత్రికి హోటలు. ఏళ్ళ తరబడి వేల మంది అలా చూసి వస్తున్నారు. వాళ్ళందరూ చూడలేదంటారా?

మావయ్య: చూశారు, కాదనను. ఎంతసేపు చూశారో లెక్కేద్దాం. రైలు ఏడింటి లోపు బయల్దేరి పదకొండు ప్రాంతంలో అరకు చేరుతుంది. తిరుగు ప్రయాణం రోడ్డు మీద నూట పదిహేను కిలోమీటర్లు, అందులో అనంతగిరి ఘాటు. ఎక్కడా ఆగకపోయినా మూడున్నర, నాలుగు గంటలు. అంటే ఎనిమిది గంటలు ప్రయాణానికే పోయాయి. భోజనానికి ఒక గంట తీసెయ్. మిగిలిన దాన్ని ఆ చోట్లన్నింటికీ పంచితే ఒక్కోదానికి దక్కేది కాస్తే. బొర్రాలో లోపలికి దిగే మెట్లు, మళ్ళీ ఎక్కే మెట్లు, మీ అత్తగారి మోకాళ్ళు, ఇవి కలిపి చూడు. డిసెంబరు ఆదివారం అరకుకి అన్నింటికంటే రద్దీ రోజు, ఘాటులో బళ్ళు ఒకదాని వెనక ఒకటి నిలిచిపోతాయి. ఇవన్నీ ఓర్చుకోవచ్చు. అసలు నష్టం వేరే ఉంది. చలికాలంలో అరకు అరకులా ఉండేది తెల్లవారుజామున, లోయలో మంచు పరుచుకుని ఉన్నప్పుడు. ఆ మంచు ఎండెక్కేసరికి విడిపోతుంది. పదకొండింటికి స్టేషన్లో దిగేవాళ్ళు వచ్చింది దేనికోసమో అది అప్పటికే వెళ్ళిపోయి ఉంటుంది. అక్కడ రాత్రి పడుకున్నవాళ్ళకే అది దక్కుతుంది.

మేనకోడలు: మంచు లేకపోతే వలిసె పూలు ఉంటాయి, రైలు ఉంటుంది. పిల్లలకి సొరంగాలు చాలు మావయ్యా. మీరు రోజూ సముద్రం చూసేవాళ్ళు, ఎప్పుడు కావాలంటే అప్పుడు అరకు పోగలిగినవాళ్ళు. నిదానంగా చూడండి, వేళ చూసుకుని వెళ్ళండి అని మీలాంటివాళ్ళు చెప్పడం తేలిక. సెలవు చీటీ రాసి, జీతంలో కోత పడకుండా మూడు రోజులు సంపాదించుకున్నవాళ్ళకి ప్రతి గంటా విలువైనదే. ఖాళీగా వదిలేసిన గంట మాకు పోయిన గంట.

(ఈ వాదంలో బలమైన మాట ఇదే. నిదానం అన్నది కలిగినవాళ్ళకి మాత్రమే అందే సుఖమైతే దాన్ని సలహాగా చెప్పడం అన్యాయం. మావయ్య నిలబడాల్సింది ఇక్కడే.)

మావయ్య: గంట విలువైనదన్న మాట మీదే నిలబడి మాట్లాడతాను. నాకు రేపు ఉంది, ఎల్లుండి ఉంది. పొద్దున కుదరకపోతే సాయంత్రం వెళ్తాను. వేళ తప్పినా నాకు పోయేదేం లేదు. నీకు అలా కాదు, ఒక్కసారే వస్తున్నావు. కాబట్టి వేళ చూసుకోవాల్సిన అవసరం నాకంటే నీకే ఎక్కువ. తక్కువ రోజులు ఉన్నవాళ్ళు ఎక్కువ చోట్లు పెట్టుకుంటే ఉన్న కాస్త సమయాన్నీ కారు తినేస్తుంది. నేను ఖాళీగా కూర్చోమనడం లేదు. చూసే చోట ఉండే సమయం పెంచుకో, దారిలో పోయే సమయం తగ్గించుకో అంటున్నాను. రైలు సంగతంటావా, ఆ కొత్తవలస - కిరండూల్ లైను నాకూ ఇష్టమే. బైలదిల్లా ఇనుప ఖనిజం విశాఖ రేవుకి తెచ్చి జపానుకి పంపడానికి 1960ల్లో కొండలు తొలిచి వేసిన లైను అది. దారిలో సిమిలిగుడ స్టేషను సముద్ర మట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉంటుంది. పిల్లలకి చూపించాల్సిందే. చూపిస్తే రెండు రోజులు పెట్టుకుని, అరకులో ఒక రాత్రి ఉండి చూపించు. అప్పుడు విశాఖకి మిగిలేది ఒక్క రోజు. ఆ మాట ముందే ఒప్పుకుని రా. సముద్రం మూడు రోజులో, సముద్రం ఒక రోజు కొండలు రెండు రోజులో ఏదో ఒకటి. రెండూ పూర్తిగా కావాలంటే ఐదు రోజుల ప్రయాణం పెట్టుకోవాలి.

మేనకోడలు: సరే, అరకు తీసేశాననుకోండి. మూడు రోజులు ఊళ్ళో ఏం చేస్తాం? బీచ్ ఎంతసేపు చూస్తారు పిల్లలు? అక్కడ నీళ్ళలో దిగనివ్వరు, దిగితే మాకు భయం.

మావయ్య: భయపడాల్సిందే. ఆర్కే బీచ్‌లో ఒడ్డు నుంచి నాలుగడుగులు వేయగానే లోతు, వెనక్కి లాగే ప్రవాహాలు ఉంటాయి. ఈతొచ్చినవాళ్ళు కూడా అక్కడ పోయారు. యారాడా అంతే, చూడ్డానికి ఎంత అందమో దిగడానికి అంత ప్రమాదం. నీళ్ళాట రుషికొండకి పెట్టుకోండి. 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చిన తీరం. ఆ గుర్తింపుకి నీటి పరీక్షలు, ప్రాణరక్షకులు తప్పనిసరి. అక్కడైనా వాళ్ళు గీసిన హద్దులోపలే. ఇక ఆర్కే బీచ్‌లో చేయడానికేముందంటావా, కురుసుర ఒక్కటే ఒక పూట పడుతుంది, హడావిడిగా చూడకపోతే. 1969లో సోవియట్ యూనియన్‌లో మన నౌకాదళంలో చేరి, 1971 యుద్ధంలో గస్తీ తిరిగి, 2001లో సేవ నుంచి విరమించిన నౌక. 2002 నుంచి ఇసుకలో మ్యూజియంగా నిలబడి ఉంది. తొంభై ఒక్క మీటర్ల పొడవు. లోపల మనిషి భుజాలు రెండు వైపులా తగిలేంత దారి. ఒక గది నుంచి ఇంకో గదికి వెళ్ళాలంటే గుండ్రటి ఇనుప ద్వారంలో ముందు కాలు పెట్టి, తల వంచి దూరాలి. ముందు భాగంలో ఆరు టార్పెడో గొట్టాలు, వెనక నాలుగు. డెబ్బైకి పైగా మనుషులు ఆ పైపుల మధ్య, వాల్వుల కింద, ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు వంతులేసుకుని పడుకునే ఇరుకు పడకల మీద వారాల తరబడి గడిపారు. చూపించేవాళ్ళలో నౌకాదళంలో పనిచేసి విరమించినవాళ్ళు ఉంటారు. అడిగితే ఏ మీట ఎందుకో చెబుతారు. టూరు బస్సు కింద హారన్ కొడుతుంటే ఈ చివర ఎక్కి ఆ చివర దిగిపోవడమే, ఒక్క ప్రశ్న అడగడానికి తీరిక ఉండదు. రోడ్డుకి అవతల టీయూ-142 విమానం ఉంది, 2017 నుంచి. పిల్లలకి ఆ రెండూ కలిపి ఒక సాయంత్రం.

మేనకోడలు: పిల్లలకి సరే. మా మావగారు చరిత్ర మనిషి, ఆయనకి బీచ్ అంటే ఇసుకే.

మావయ్య: ఆయన కోసమే భీమిలి రోడ్డుకి ఒక రోజు పూర్తిగా కావాలంటున్నాను. నీ ప్లాన్లో దాన్ని శనివారం మధ్యాహ్నానికి కుదించావు. ఆ రోడ్డు మీద పొద్దున్నే బయల్దేరి, మధ్యలో ఎక్కడా ఆగకుండా ముందు దూరంగా ఉన్న భీమిలికి పోవాలి. పదిహేడో శతాబ్దంలో డచ్చివాళ్ళు వర్తకం పెట్టిన రేవు, వాళ్ళ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి, గోస్తని సముద్రంలో కలిసేదీ అక్కడే. తర్వాత ఊరి వైపు వెనక్కి వస్తూ ఒక్కోటీ చూసుకోవాలి. ఎర్రమట్టి దిబ్బలు తీరం పక్కనే ఉంటాయి. సముద్ర మట్టం హెచ్చుతగ్గులకీ గాలికీ వేల ఏళ్ళుగా ఇసుక పేరుకుని, వానకి కోసుకుపోయి, ఆ మలుపుల గండ్లు ఏర్పడ్డాయి. భూగర్భ సర్వే సంస్థ 2014లో జాతీయ భూవారసత్వ స్థలంగా ప్రకటించింది. అంచుల మీద ఎక్కొద్దని పిల్లలకి ముందే చెప్పు, చేత్తో గీకితే రాలిపోయే మట్టి అది. ఆ తర్వాత తొట్లకొండ. 1970ల్లో నౌకాదళం తన స్థావరం కోసం చేసిన సర్వేలో బయటపడి, 1988 నుంచి 1993 వరకు రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వించిన బౌద్ధ క్షేత్రం. స్తూపం పునాదులు, భిక్షువుల గదులు, రాతిలో తొలిచిన నీటి తొట్లు, రోమన్ వెండి నాణేలు దొరికిన చోటు. కొండ మీద ఆ గదుల వరసలో నిలబడితే కింద సముద్రం మొత్తం కనిపిస్తుంది. రెండు వేల ఏళ్ళ కిందట ఓడల్లో వచ్చిన వర్తకులకీ, ఈ కొండల మీద భిక్షువులకీ మధ్య ఏం సంబంధమో అక్కడ నిలబడితే ఎవరూ చెప్పక్కర్లేదు. దానికి పావుగంట ఇస్తే మీ మావగారు కారెక్కుతూ వెనక్కి చూస్తూనే ఉంటారు. చివరికి రుషికొండ. తూర్పు తీరం కాబట్టి మధ్యాహ్నం దాటాక సూర్యుడు వెనక్కి పోతాడు, ఎండ ముఖాన కొట్టదు. పిల్లలు తడవడానికి అదే వేళ. నాలుగు చోట్లూ ఒకే రోడ్డు మీద ఉన్నాయి, కారు ఎక్కడా అడ్డదిడ్డంగా తిరగక్కర్లేదు.

మేనకోడలు: మీరు చెబుతుంటే బాగానే ఉంది. ఇంటి ఆడదాని వైపు నుంచి చూడండి ఒకసారి. ఎవరో గీసిచ్చిన టూరులో ఎక్కేస్తే ఎక్కడ తినాలి, ఎక్కడ ఆగాలి, ఎవరికి ఏం కావాలి అన్నవి నేను ఆలోచించక్కర్లేదు. పదింటికి ఇక్కడ, పన్నెండింటికి అక్కడ. మీరు చెప్పే సడలింపు ప్లాన్లో ప్రతి పూటా నిర్ణయం ఉంటుంది, ప్రతి నిర్ణయం నా నెత్తి మీదే పడుతుంది. ఆయన ఫోను చూసుకుంటారు, పిల్లలు ఆకలంటారు, అత్తగారు కాఫీ అంటారు. సెలవులో కూడా నాది ఇంటి డ్యూటీయే అయితే నాకు సెలవెక్కడిది?

మావయ్య: నేను పట్టించుకోని సంగతి చెప్పావు, నిజం. అందుకే ప్లానే వద్దని అనడం లేదు. కొన్ని ముందే బిగించెయ్: రైలు, గదులు, దర్శనం టిక్కెట్లు, భీమిలి రోడ్డుకి రోజంతా ఉండే ఒక బండి. ఎనిమిది చోట్లకి ఎనిమిది ఆటోలు మాట్లాడటం కంటే అది చవక కూడా. మిగిలినవాటిని రోజుకి ఒక మనిషికి అప్పజెప్పు. ఒక రోజు నడిపించేది మీ ఆయన, ఒక రోజు పిల్లలు. ఆ రోజు ఎక్కడ తినాలో వాళ్ళే తేల్చాలి, నువ్వు వెనక సీట్లో కూర్చోవాలి. అందరూ అన్నిచోట్లకీ వెళ్ళాలన్న నియమం కూడా తీసెయ్. జలాంతర్గామిలో వంగి దూరడం మీ అత్తగారివల్ల కాదు, ఆవిడ బయట బీచ్ రోడ్డు గట్టు మీద మురీ మిక్చర్ తింటూ కూర్చోవచ్చు. నీకేది ఇష్టమో అది కూడా ఎక్కడో ఒకచోట రాయి. ఇంతసేపటిలో నీకేం చూడాలనుందో నువ్వు చెప్పలేదు.

మేనకోడలు: ఫిషింగ్ హార్బరు. పొద్దున్నే పడవలొచ్చి చేపలు దించే వేళకి. ఎవరూ రారు కదా అని రాయలేదు.

మావయ్య: అది సోమవారం తెల్లవారుజామున. వచ్చేవాళ్ళు వస్తారు, పడుకునేవాళ్ళు పడుకుంటారు. డిసెంబరు కాబట్టి కుదురుతుంది. వేసవి సెలవుల్లో వచ్చుంటే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్ల వేట నిషేధం, చేపలు గుడ్లు పెట్టే కాలం. పడవలన్నీ కట్టేసి ఉంటాయి. అసలు వేసవిలో ఈ ప్లాన్ మొత్తం తిరగరాయాలి: ఐదున్నరకే తెల్లవారుతుంది కాబట్టి తొమ్మిదిన్నర లోపు తిరగడం, సాయంత్రం నాలుగున్నర దాకా నీడలో ఉండటం, మళ్ళీ బయటికి. ఉక్కకి పెద్దవాళ్ళు తట్టుకోలేరు. డిసెంబరుకీ ఒక చిక్కుంది, బంగాళాఖాతంలో వాయుగుండాల కాలం ఇంకా ముగిసి ఉండదు. 2014లో హుద్‌హుద్ తుఫాను వచ్చింది అక్టోబరు 12న. ఆ తీవ్రత ప్రతి ఏడూ ఉండదు గానీ రెండు రోజుల ముసురు మామూలే. గంట గంటకీ బిగించిన ప్లానైతే ఒక్క వానకి మొత్తం కూలుతుంది. ఒక పూట ఖాళీ ఉంచితే భీమిలి రోజుని అటూ ఇటూ జరుపుకోవచ్చు.

మేనకోడలు: ఇంకో మాట. మనం తక్కువ చూస్తే, తక్కువ తిరిగితే, అక్కడివాళ్ళకి రాబడి తగ్గదా? అరకులో కాఫీ అమ్ముకునేవాళ్ళు, బొంగులో చికెన్ కాల్చేవాళ్ళు, గుహల దగ్గర దుకాణాలు, వీళ్ళంతా ఆ బస్సుల మీదే కదా బతికేది.

మావయ్య: బస్సు ఆగేది ముప్పావు గంట, అదీ డ్రైవరు ఆపిన చోట. పొద్దున వచ్చి సాయంత్రం పోయేవాళ్ళ డబ్బులో పెద్ద భాగం విశాఖ హోటలుకీ, బండికీ పోతుంది. కొండ మీద మిగిలేవి రద్దీ, చెత్త, ఒక పూట భోజనం ఖర్చు. రాత్రి ఉన్నవాళ్ళు గది తీసుకుంటారు, రెండు పూటలు తింటారు, పొద్దున్నే నడుచుకుంటూ వెళ్ళి ఊళ్ళో కాఫీ కొంటారు. అరకు మేలు కోరితే అరకులో పడుకోవాలి. ఈ ఏడు కుదరకపోతే వచ్చే ఏడు అరకు ఒక్కదానికే రండి. స్టేషన్ నుంచి స్టేషన్‌కి వెళ్ళిపోవచ్చు, విశాఖలో ఆగక్కర్లేదు.

మేనకోడలు: మా ఇంట్లో వాళ్ళని ఒప్పించడం అంత తేలిక కాదు. హైదరాబాదు తిరిగొచ్చాక ఎదురింటివాళ్ళు అరకు చూశారా అని అడిగితే లేదని చెప్పాలి.

మావయ్య: చెప్పండి. తొట్లకొండ చూశారా అని మీరూ అడగండి.

మేనకోడలు: సరే, అరకు తీసేశాను. పిల్లలకి నేను చెప్తాను. ఒక్కటి మాత్రం మార్చను మావయ్యా, శనివారం సింహాచలం. శనివారం జనం ఎక్కువని, సోమవారం వెళ్ళమని మీరంటారు. అది మా అత్తగారి మొక్కు, ఆవిడకి శనివారమే కావాలి.

మావయ్య: మొక్కుకి నా లెక్కలు అడ్డం రానివ్వను. శనివారమే వెళ్ళండి. రైలు దిగి గదిలో గంటన్నర నడుం వాల్చాకే బయల్దేరండి, రాత్రంతా బెర్తు మీద పడుకున్న మోకాళ్ళవి. క్యూకి రెండు మూడు గంటలు పక్కన పెట్టుకోండి. దర్శనం అయ్యాక కప్పస్తంభం దగ్గర ఆవిడని తొందర పెట్టకండి, మండపాల రాతిపని మీ మావగారికి చూపించండి, శ్రీకృష్ణదేవరాయలు వేయించిన శాసనాలు ఆ గుళ్ళోనే ఉన్నాయి. కొండ దిగేసరికి మధ్యాహ్నం దాటుతుంది. భోజనం చేసి పడుకోండి. నాలుగింటికి లేచి కైలాసగిరి, వెలుగుండగానే కిందికి దిగి కురుసుర, ఆ తర్వాత బీచ్ రోడ్డు. ఆదివారం తెల్లారగానే భీమిలి బండి గుమ్మం ముందుంటుంది. సోమవారం నీ హార్బరు, ఓపికున్నవాళ్ళకి యారాడ, పన్నెండు లోపు వెనక్కి. భోజనానికి మా ఇంటికి వచ్చెయ్యండి, మీ అత్తయ్య ఎదురుచూస్తుంటుంది. నాలుగున్నరకి స్టేషనుకి నేనే దింపుతాను.

మేనకోడలు: యారాడ ఎందుకు మావయ్యా సోమవారం? హార్బరు నుంచి నేరుగా మీ ఇంటికే వస్తాం. అత్తగారికీ అదే బాగుంటుంది.